నెత్తితో డిక్కీ మోసిన ఆవిడ

2023 ఫిబ్రవరి 3, శుక్రవారం ఉదయం పదకొండున్నర. దుబాయ్ అల్ ఖూజ్‌లో పలచని ఎండ, ఇరవై మూడు డిగ్రీలు. మా కార్మికుల క్యాంపుకు భోజనాలు తెచ్చే గోదావరి ఆవిడను తలచుకుంటే, కారు డిక్కీని నెత్తితో మోస్తూ క్యారియర్లు అందించే ఆ భంగిమే కనిపిస్తుంది. ముందురోజు డిక్కీ జారిపడి సాంబారు ఒలికింది. మళ్లీ ఒలికితే వేరే మెస్సు చూసుకుంటామని అందరూ తేల్చిచెప్పారు. అప్పుడే పరీక్షించాను: డిక్కీని నిలిపే గ్యాస్ రాడ్లు రెండింటి నుంచీ నూనె కారిపోయి, పట్టు పోయింది. కొత్తవి తెచ్చి, శుక్రవారం వడ్డనకు ముందు, ఆమె నెత్తి ఆసరాతోనే ఒకదాని తర్వాత ఒకటి బిగించాను.

“ఇక తల తీయమ్మా,” అన్నాను.

“తీత్తే పడిపోద్దండి బాబాయ్‌గారూ!”

“తియ్యక్కా, నువ్వేమన్న పిల్లరువా?” అన్నాడు వరుసలోని కరీంనగర్ మనిషి.

ఆమె కళ్లు మూసుకుని పక్కకు జరిగింది. డిక్కీ కదలలేదు. ఆమె రెండు చేతులూ పైకెత్తి, “ఖలాస్! ఇంక పడదు. యల్లా, రండి!” అని కేకేసింది.

ఆ పూట అందిన క్యారియర్లు నలభై ఒకటి. ఒలికినది ఒక్కటీ లేదు.