అత్త వేలు పెట్టని కాయితం

మొన్న గురువారం బడిలో మొదటి గంట కొట్టకముందే వదిన ఫోన్ చేసింది. "అమ్మ ఎలిపోనాదే" అంది. వదిన మా మేనత్త కూతురు. శృంగవరపుకోట దగ్గర, కొండల కింద పల్లెలో ఎకరంన్నర మెట్ట మీద చోళ్ళు, అంటే రాగులు, పండించుకుని బతికిన మా అత్త, ముందురోజు సాయంత్రం కూడా కలుపు తీసి వచ్చి పడుకుందట. మళ్ళీ లేవలేదు.

అత్త ఎవరినీ ఒక పట్టాన నమ్మేది కాదు. కొట్లో కొన్న కందిపప్పుని ఇంటికొచ్చి మళ్ళీ తూచేది. టీవీలో వాన అంటే బయటికెళ్ళి చీమల్ని చూసి వచ్చేది. పల్లపు రైతుల మోటార్లకు మీటర్లు పెడతారనీ, బిల్లు మాత్రం రాదనీ ఊళ్ళో చెప్పుకున్న రోజు నన్నడిగింది.

"బిల్లు రానప్పుడు మీటరెందుకే?"

"ఎంత కరెంటు వాడుతున్నారో తెలియడానికట అత్తా."

"తెలుసుకున్నోడు ఊరుకుంటాడేటి?"



రెండేళ్ళ కిందట ఆ మెట్టలన్నీ ఒక సోలారు కంపెనీ లీజుకు అడిగింది. ముప్పై ఏళ్ళకు. వెనక ప్రభుత్వం ఉంది, భయం లేదన్నారు. ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. అత్త మాత్రం కాయితం తెలుగులో కావాలంది. కంపెనీ తరఫున తిరిగే ఆయన బొబ్బిలి వైపు మనిషి, మర్యాదస్తుడు. నెల తర్వాత తెలుగు కాయితం తెచ్చాడు. చదవడానికి అత్త నన్ను పిలిపించింది. పదో తరగతికి తెలుగు చెప్పేదాన్ని, నాకెంతసేపు అనుకున్నాను.

మూడో పేజీలో 'అభిహస్తాంకితులు' అన్న మాట దగ్గర ఆగిపోయాను.

"అంటే ఏటే?" అంది అత్త.

"తెలీదత్తా."

"తెలుగు పంతులమ్మకి తెలీని తెలుగేటే అది?" అని ఆయన వైపు తిరిగింది. "బాబూ, నీకు తెలుసా?"

ఆయనకూ తెలియదు. ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుని చెప్పాడు. "మా కంపెనీ కావాలంటే ఈ లీజుని ఇంకో కంపెనీకి రాసిచ్చుకోవచ్చమ్మా. మామూలుగా అన్ని కాయితాల్లోనూ ఉంటాది."

అత్త కాసేపు ఆయన ముఖంలోకే చూసింది. "నీ మొకం సూసి ఇద్దామనుకున్నాను. ముప్పయ్యేళ్ళకి నువ్వూ ఉండవు, నానూ ఉండను. అప్పుడు నా కూతురు ఎవుల్నడగాల?"

అత్త ఆయనకు అంబలి ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూర్చోబెట్టి పంపింది. కాయితం మీద ముద్రకు మాత్రం వేలు పెట్టలేదు.

తర్వాత ఆమె చేనుకు మూడు పక్కలా కంచె వచ్చింది, అద్దాల పలకలు వచ్చాయి. ఊళ్ళో కొందరు ఆమెతో మాట్లాడడం మానేశారు. మంచి పనికి అడ్డం పడిందన్నారు. భూమి ఇచ్చిన వాళ్ళకు కౌలు సక్రమంగానే అందుతోంది. తప్పు చేశావేమో అని నేనే ఒకసారి అన్నాను. కోప్పడలేదు.

"ఎండ మీద నాకు అనుమానం నేదే. ఇంట్లో సోలారు లైటు ఎట్టుకోనేదా? ఆ కాయితం మీదే. నాను సేసింది తప్పయితే మంచిదే. ఊరు బాగుంటాది" అంది.

ఆమె అనుమానం నిజమో కాదో తేలడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. అర్థంకాని మాట దగ్గర ఆగమనీ, ఆగినందుకు సిగ్గుపడొద్దనీ నాకు నేర్పింది మాత్రం ఆమే. ఇప్పుడు క్లాసులో ఏ పిల్లయినా లేచి "అంటే ఏంటి టీచర్" అంటే విసుక్కోను.

మూడోనాడు వదినా నేనూ చేను చూడ్డానికి వెళ్ళాం. చోళ్ళు వెన్ను తీస్తున్నాయి. కంచె అవతల ఒకతను పైపు పట్టుకుని అద్దాలు కడుగుతున్నాడు. ఆ నీళ్ళు వాలుకి దిగి, కంచె కింద నుంచి మా వైపు పాకి వస్తున్నాయి.

"మంచినీళ్ళేనమ్మా, ఏటీ కలపనేదు" అన్నాడతను, మేమేమీ అడగకముందే.

వదిన అతన్నే చూస్తూ నిలబడింది. నేను గట్టు మీద కూర్చుని, ఆ తడిలో వేలు ముంచి వాసన చూశాను.