అరిసె ఇద్దరి పని

మా గోడవతల పిన్నిగారు పోయారు. ఆ కబురు నాకు ఎవరూ మోసుకురానక్కర్లేకపోయింది. పొద్దున్నే పెరట్లో కూర్చుని సున్నుండలు చుడుతుంటే గోడవతల ఒక్కసారిగా ఏడుపు లేచింది. కాసేపటికి మా ఆయన వచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి, "పిన్నిగారు పోయారంట" అన్నారు.

"ఏ పిన్నిగారు?" అన్నాను.

మాకున్నది ఒక్క పిన్నిగారే. చుట్టరికమేమీ లేదు, పక్కింటావిడ. నేను పెళ్ళై పెద్దాపురం వచ్చిన కొత్తలో, "అండీ గిండీ ఎందుకే, పిన్నీ అను చాలు" అన్నారు. నేను 'పిన్ని'కి 'గారు' తగిలించి పిలిచాను. అదే నిలబడిపోయింది. చూసుకుంటే నా చేతిలో సున్నుండ నలిగి పొడైపోయి ఉంది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను, నాకేం భయం? కానీ మంచి ఒక్కటే చెబితే పైనున్న ఆవిడకే నవ్వొస్తుంది. ఆవిడ నాకు పని నేర్పారు. ధైర్యం ఇచ్చారు. ఆ తర్వాత నట్టేట ముంచారు. మూడూ చేసింది ఒక్క మనిషే. అందుకే ఏది మొదలుపెట్టినా మిగతా రెండూ వెనకాలే వచ్చేస్తున్నాయి.

అసలు ఇదంతా ఒక సారెతో మొదలైంది. ఆషాఢం వెళ్ళాక కొత్త పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపుతూ బిందెలకి బిందెలు పిండివంటలు పంపడం మా వైపు రివాజు. చలిమిడి, అరిసెలు, కజ్జికాయలు, సున్నుండలు, ఇంకా ఎన్నో. అవి వీధిలో ఇంటింటికీ పంచాలి. మా ఆడపడుచు కూతురికి కూడా అలాగే పంపారు. ఆ పిల్ల కాపురం రాజమండ్రిలో, అపార్టుమెంటులో. పంచడానికి వెళితే సగం ఇళ్ళకి తాళాలు, మిగతా సగం తలుపు సందులోంచే "షుగరండీ, మాకొద్దండీ" అన్నారట. వారం తిరిగేసరికి కజ్జికాయలు మెత్తబడి, సున్నుండలు చీమలు పట్టి, ఆ పిల్ల అత్తగారు "మీ వాళ్ళకి డాబెక్కువమ్మా" అని ఒక మాట కూడా అనేశారు.

అప్పుడు తట్టింది నాకు. చిన్న సారె చేస్తే? ఒక్కో ఇంటికి ఒక్కో తాటాకు బుట్ట. అందులో అన్ని రకాలూ రెండేసి. మూత మీద పెళ్ళికూతురి పేరు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పారేసేది ఉండదు. నేను పనిచేసే కాన్వెంటు మూతపడి ఇంట్లో కూర్చున్న రోజులవి. కూర్చుని కూర్చుని నాకు పిచ్చెక్కిపోతోంది.

ఆ ఆలోచన మా ఆయన కంటే ముందు గోడ మీంచి పిన్నిగారికి చెప్పాను. ఆవిడ పకపకా నవ్వారు. "ఓసి పిచ్చిదానా! సారె కూడా చిన్నదీ పెద్దదీ ఉంటుందటే? సారె అంటే వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూడాలి." నా మొహం మాడిపోయింది. లోపలికి వచ్చేశాను.

మర్నాడు తెల్లారేసరికి ఆవిడే మా పెరటి గుమ్మంలో ఉన్నారు. "బియ్యం నానబోశాను. ఇంక వెనక్కి తగ్గడానికి లేదు" అన్నారు. నా బతుకులో నాకు అంత ధైర్యం ఇచ్చిన మాట ఇంకొకటి లేదు. ఇప్పుడు ఇంత కోపంలోనూ ఆ మాట కాదనలేను.

ఆవిడ పని చేస్తుంటే చూడాలండీ. కొంగు బొడ్లో దోపి, కాఫీ గ్లాసులో కాకుండా గిన్నె మూతలో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు. గ్లాసయితే చల్లారేదాకా పాకం ఆగదట. బెల్లం పాకం చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, పళ్ళేనికేసి కొట్టి చెవి వొగ్గి వినేవారు. "పాకం పిలిచినప్పుడు పలకాలే. ఆ తర్వాత నువ్వెంత పిలిచినా అది పలకదు" అనేవారు. మొదటి అరిసె ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. తీసుకెళ్ళి మా ఇద్దరిళ్ళ మధ్య గోడ మీద పెట్టేవారు. "చీమలు తిననీ. వాటి వాటా ముందు ఇచ్చేస్తే డబ్బాల జోలికి రావు." చీమలు డబ్బాల జోలికీ వచ్చేవి, అది వేరే సంగతి.

అరిసె ఒక్కరు చేసే వంట కాదు. ఒకరు నూనెలోంచి తీయాలి, ఇంకొకరు అది వేడి మీద ఉండగానే రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కి నూనె పిండాలి. ఆలస్యమైతే నూనె లోపలే ఉండిపోతుంది. ఆవిడ తీసేవారు, నేను నొక్కేదాన్ని. "అరిసె ఇద్దరి పని. అత్తాకోడళ్ళు మాటలు మానేసినా అరిసెల రోజున కలవక తప్పదు" అని నవ్వేవారు. ఒకరోజు నూనె చిట్లి నా బొటనవేలు బొబ్బెక్కింది. ఆవిడ తన పాత చీర అంచు పర్రున చించి వేలికి కట్టు కట్టారు. ఎర్రంచు పీలిక. "పట్టుచీర చించాను నీకోసం" అన్నారు. అది నూలుచీరే.

ఆ రోజే మా ఆయన ఫోనులో ఒక ఫొటో తీశారు. ఆర్డర్ల కోసం వాట్సాప్‌లో పెట్టుకుందామని. పిన్నిగారు గరిటె మీద అరిసె ఎత్తి పట్టుకుని ఉన్నారు. పక్కన నేను చెక్క చాపి ఉన్నాను. ఇద్దరం దేనికో నవ్వుతున్నాం. ఆవిడ ఆ ఫొటో చూసి, "నాకూ పంపవయ్యా, ఇందులో నేను పళ్ళున్నదానిలా ఉన్నాను" అన్నారు. ఆయన పంపారు.

మొదటి ఆషాఢమంతా చిన్నచిన్న ఆర్డర్లే. మరిడమ్మ జాతరకి వచ్చినవాళ్ళు మా బుట్టలు చూసి ఫోను నంబరు అడిగి తీసుకున్నారు. శ్రావణంలో పిఠాపురం నుంచి ఒక పెద్ద కుటుంబం వాళ్ళు, మొత్తం సారె మీరే చెయ్యండి అన్నారు. అది బాగా జరిగితే ఇంక నేను ఎవరి ముందూ నిలబడి ఉద్యోగం అడగక్కర్లేదు. ఆ సంగతి పిన్నిగారికి నాకంటే బాగా తెలుసు. "ఇది గట్టెక్కితే నీ బోర్డు నువ్వు పెట్టుకోవచ్చు" అన్నది ఆవిడే.

ఆ రోజు బియ్యం పిండి మర నుంచి వచ్చింది. తడిపిండి. ఉదయం తెస్తే మధ్యాహ్నానికల్లా పాకంలో పడాలి, లేకపోతే పులిసిపోతుంది. పొయ్యి వెలిగించి, చెక్కలు కడిగి పెట్టుకుని కూర్చున్నాను. పిన్నిగారు రాలేదు. గోడ మీంచి పిలిచాను. ఆవిడ కోడలు తల దించుకుని, "అత్తయ్యగారు మెయిన్‌రోడ్డు స్వీట్‌షాపు వాళ్ళ కారులో వెళ్ళారండి. ఇక నుంచి అక్కడే చేస్తారంట" అంది.

నేను నమ్మలేదు. ఏదో పనిమీద వెళ్ళుంటారులే, వచ్చేస్తారులే అనుకుంటూ చాలాసేపు పొయ్యి దగ్గరే ఉన్నాను. అదీ నా తెలివి! తర్వాత నేనే పాకం పట్టాను. చెవి వొగ్గి విన్నాను కూడా. నాకేం వినపడుతుంది? అరిసెలు నూనెలో విచ్చిపోయాయి. ఒక చేత్తో తీసి, రెండో చేత్తో నొక్కబోతే చెక్క జారి నేలంతా నూనె. మా ఆయన సాయం వస్తే ఆయన మీద అరిచాను. ఆఖరికి పిఠాపురం ఆవిడకి ఫోను చేసి నిజం చెప్పాను.

"అరిసెల్లేకుండా పిల్లని ఎలా పంపమంటారమ్మా?" అన్నారావిడ. తప్పు లేదు. ఆవిడ వేరే చోట కొని తెప్పించుకున్నారు. మిగతా బుట్టలు అప్పజెప్పడానికి నేను వెళ్ళేసరికి ఆ కొన్నవి వాళ్ళ హాల్లో ఉన్నాయి. తాటాకు బుట్టలు. మూత మీద పెళ్ళికూతురి పేరుకి చోటు. పైన పిన్నిగారి ఫొటో, కింద "అమ్మమ్మ చిన్న సారె" అనీ, ఆ స్వీట్‌షాపు పేరూ అచ్చు. నా ఆలోచన, నా బుట్ట, నా పెరట్లో తీసిన ఫొటో. ఆ ఇంటివాళ్ళు మంచినీళ్ళు ఇచ్చారు.

ఫొటోలో నన్ను కత్తిరించేశారు. కానీ పూర్తిగా కుదరలేదు పాపం. అరిసె గరిటెకీ నా చెక్కకీ మధ్య ఉంది. నన్ను మొత్తం తీసేస్తే అరిసె తెగిపోతుంది. అందుకని మణికట్టు దాకా నా చెయ్యి వదిలేశారు. ఆకుపచ్చ మట్టిగాజులు, బొటనవేలికి ఎర్రంచు పీలిక.

ఆ సాయంత్రమే గోడ దగ్గర నిలదీశాను. "ఎందుకండీ ఇలా చేశారు? నేనేం తక్కువ చేశాను మీకు?"

ఆవిడ బట్టలు ఆరేస్తున్నారు. కాసేపు చీర దులిపి, "అక్కడ నాకు కుర్చీ వేశారే" అన్నారు.

"మా ఇంట్లో పీట వేశాను కదండీ!"

"వేశావు. పనిచేసేవాళ్ళకి ఎవరైనా పీటే వేస్తారు. అక్కడ నేను చెబితే పదిమంది చేస్తున్నారు."

ఈ మాట నేను చాలా రోజులు నమిలాను. ఇప్పటికీ మింగుడుపడలేదు. నేనూ పీట మీదే కూర్చున్నాను. అదే పొయ్యి ముందు, అదే పొగలో. కుర్చీ కావాలంటే ఒక్కమాట అడగొచ్చుగా, పక్కింట్లోంచి ఎత్తుకొచ్చయినా వేసేదాన్ని! పోనీ, వెళ్ళేదేదో ఆ బియ్యం తడిసే ముందు చెప్పి వెళ్ళొచ్చుగా. అది మాత్రం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు. గోడ అలాగే ఉంది, మాటలు పోయాయి.

నేను పని మానలేదు. మొండిదాన్ని. కానీ నా సారెలో అరిసెలు లేవు. "అరిసెల్లేని సారె ఏంటమ్మా?" అని అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. చలిమిడీ సున్నుండలూ కావాల్సినవాళ్ళు వచ్చారు, మిగతావాళ్ళు మెయిన్‌రోడ్డుకి పోయారు. ఒక విచిత్రం ఏంటంటే, పండగ పూట ఇంట్లో అరిసెలు వండినప్పుడల్లా ఆవిడ మొదటి అరిసె గోడ మీద పెట్టడం మానలేదు. అదీ నా వైపు అంచున. నేను తీసుకోలేదు. చీమలే తిన్నాయి.

ఆ కబురు విన్న పొద్దున్నే చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను? పసుపు రాసిన ఆ పాదాలు చూడగానే ఇన్నాళ్ళూ దాచుకున్న తిట్లన్నీ మర్చిపోయి భోరుమన్నాను. తల మాత్రం కాస్త పక్కకి వాలి ఉంది, చెవి వొగ్గి పాకం వింటున్నట్టే.

బయటికి వస్తుంటే స్వీట్‌షాపాయన ఎదురొచ్చి నమస్కారం పెట్టారు. "సమయం కాదనుకోండి, కానీ శ్రావణం దగ్గరపడుతోంది. మీరు మా దగ్గరకి వచ్చెయ్యండమ్మా. ఆవిడ ఫొటో, పేరు అలాగే ఉంచుతాం. ఆవిడే చెప్పారు."

"ఏం చెప్పారు?"

"నా తర్వాత గోడవతల పిల్లని పిలవండి, దాని చెయ్యి మంచిది అని."

నా చెయ్యి మంచిదని ఆవిడ నాతో ఒక్కనాడూ అనలేదు. ఆయనతో అన్నారు. ఒళ్ళు మండిపోయింది. బుట్ట ఇచ్చేశారు, అరిసె ఇచ్చేశారు, ఫొటో ఇచ్చేశారు. ఇవ్వడానికి ఇంకేమీ మిగలక ఆఖరికి నన్ను కూడా సారెలో పెట్టి పంపేశారన్నమాట! "నేను రానండి" అన్నాను. ఆయన "ఆలోచించుకోండి" అన్నారు. ఆలోచించడానికేం లేదు. కానీ ఆ మాట విన్నందుకు నాలో ఎక్కడో కాస్త సంతోషం కలిగింది. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మా వీధి మొగలో ఆ షాపువాళ్ళు ఫ్లెక్సీ కట్టించారు. 'అశ్రునివాళి' అని పెద్దక్షరాలు. వెతికి వెతికి మళ్ళీ ఆ ఫొటోనే వేశారు. మనిషంత పెద్దది చేసేసరికి బుట్ట మీద కనపడనివన్నీ కనపడుతున్నాయి. పిన్నిగారి నవ్వు. ఆవిడ మోచేతి మీద పిండి. నా ఆకుపచ్చ గాజులు, ఆవిడ చించి కట్టిన పీలిక మీద పసుపు మరక. కూరలకి వెళుతూ రోజూ దాని ముందునుంచే పోతున్నాను. ఆవిడ గరిటె మీద అరిసె ఎత్తి పట్టుకుని ఉన్నారు. కింద చెక్క చాపి నా చెయ్యి ఉంది. నూనె చుక్క ఒకటి కారబోతూ ఆగింది. ఆ అరిసె ఇంకా నా చెక్క మీద పడలేదు.