చెంచాతో పెంచిన తల్లి

"అమ్మ చేతి ముద్ద" అని ఎవరైనా మురిసిపోతూ మాట్లాడితే నేను అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతాను. నా కూతురు పసితనంలో నా చేతి ముద్ద తినలేదు. తింటే దాని నోరు పొక్కేది.

మాది నరసరావుపేట. ఆ రోజుల్లో నేను ఊరి బయట ఒక షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసేదాన్ని. గోనెపట్టా మీద కూర్చుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎర్రటి గుట్ట ముందు అదే పని. కారం వేళ్ళకు అంటుకోవడం కాదు, వేళ్ళలోకి దిగుతుంది. నీళ్ళతో కడిగితే ఇంకా రేగుతుంది. ఆముదం రాసి, శనగపిండితో రుద్ది, మజ్జిగతో కడిగినా గోళ్ళ కింద ఉండనే ఉంటుంది.

నేను పనిలో చేరేటప్పటికి పిల్లకు ఏడో నెల. షెడ్డు బయట చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం అది గుక్కపట్టి ఏడుస్తుంటే పరుగెత్తుకెళ్ళి, ఏమీ ఆలోచించకుండా దాని కళ్ళు తుడిచాను. ఆ తర్వాత అది పెట్టిన కేకలకు షెడ్డులో పని ఆగిపోయింది. గేటు దగ్గర టీ అమ్మే ముసలామె వచ్చి, "నీ చేతులు ఎనక్కి పెట్టుకో" అంది. అక్కడ కారం లేని చేతులు ఆమెవే. నా రవిక హుక్కులు తీసి, నా పాలు తన చేత్తో పిండి, పిల్ల కళ్ళలో చుక్కలు చుక్కలుగా వేసింది. నేను దొంగలాగా చేతులు వెనక్కి పెట్టుకుని అందరి ముందూ నిలబడ్డాను. గుమాస్తా వచ్చి, "పిల్లల తల్లికి పనెందుకమ్మా, ఇంట్లో కూర్చోక" అన్నాడు. ఆ మాట అనడానికి వాడికి ఒక్క నిమిషం పట్టింది. నేను మర్చిపోవడానికి ఈ జన్మ చాలడం లేదు.

మర్నాడే ఒక స్టీలు చెంచా కొన్నాను. పిల్లను ముట్టుకునే ముందు వేలు నా కంటిరెప్పకు ఆనించి చూసుకునేదాన్ని. మండితే ముట్టుకునేదాన్ని కాదు. మిరప సీజన్‌లో మండని రోజు తక్కువ. "చెంచాతో సాకుద్దంట, ఆసుపత్రిలో నర్సమ్మ లాగా" అని మా అత్త వీధి వీధంతా చెప్పుకుంది. నా మొగుడు అదే షెడ్డులో బస్తాలు మోసేవాడు. ఆయన చేతులకూ అదే కారం. పిల్లకు ఏ చేత్తో పెడతావని ఆయన్ని ఒక్కరూ అడగలేదు.

అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. పొదుపు సంఘంలో వేలిముద్ర వేయబోతే, నా వేళ్ళ గీతలు అరిగిపోయాయని, ముద్ర సరిగ్గా పడటం లేదని అక్కడి అమ్మాయి విసుక్కుంది. ఆ కోపంతో పలక కొనుక్కున్నాను. నా కూతురే నాకు నేర్పింది. ఇవాళ ఇది రాస్తున్నానంటే ఆ కోపం పుణ్యమే.

ఆ కూతురు ఇప్పుడు బస్సు కండక్టర్. వినుకొండలో కొట్టు నడుపుకునే అబ్బాయికి ఇచ్చాను. దానికి ఆడపిల్ల పుట్టింది. పిల్లకు ఎనిమిదో నెల రాగానే సెలవు అయిపోవచ్చింది. ఒకరోజు, "అమ్మా, ఒకసారి రా" అని ఫోన్ చేసింది. ఎందుకో చెప్పలేదు. వెళ్ళాను.

వెళ్ళేసరికి వియ్యపురాలు, వియ్యంకుడు, అల్లుడు కుర్చీల్లో ఉన్నారు. మా అమ్మాయి పిల్లను ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుంది. దాని ముందు ఒక కాగితం, కాగితం మీద పెన్ను.

"మంచి టైముకొచ్చావ్ వదినా. నీ కూతురికి నువ్వన్నా చెప్పు" అంది వియ్యపురాలు. "చంటిదాన్ని ఇడిచిపెట్టి బస్సుల్లో తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు?"

నేను కాగితం తీసుకున్నాను.

"అది మీకర్థం కాదులే చెల్లెమ్మా" అన్నాడు వియ్యంకుడు.

నేను కూడబలుక్కుని చదువుతాను. చదవడం అయ్యేదాకా ముగ్గురూ ఆగాల్సి వచ్చింది. "నా బిడ్డ సంరక్షణ నిమిత్తం, నా సొంత ఇష్టంతో ఉద్యోగం మానుకుంటున్నాను" అని ఉంది. రాత అల్లుడిది.

"ఏమే, ఇది నీ ఇష్టమేనా?"

"నా ఇష్టం ఎవరడిగారమ్మా" అంది మా అమ్మాయి. "ఎల్లుండి డ్యూటీలో చేరకపోతే ఇదే ఖాయమైపోద్ది."

"తల్లి చేతి ముద్ద లేకుండా పిల్ల ఎట్టా పెరుగుద్ది?" అంది వియ్యపురాలు. "అయినా నీకేం తెలుసులే వదినా. చెంచాతో పెంచినదానివి."

ఆ సంగతి పెళ్ళైన కొత్తలో నేనే, మనిషని నమ్మి, ఆమెకు చెప్పాను.

"అవును, చెంచాతోనే పెంచా. ఆ చెంచాతో తిన్నదాని జీతంతోనే నీ ఇంటికి స్లాబు పడింది. పైకి చూడు" అన్నాను. అల్లుడి వైపు తిరిగి, "నీ కొట్టు మూసెయ్ నాయనా. పిల్ల నీది కూడానంటగా" అన్నాను. అతను ఫోన్ చూసుకుంటున్నాడు.

"మగోడు పిల్లని సాకడం ఏడన్నా చూశావా?" అంది వియ్యపురాలు.

"చూళ్ళా. అందుకే నేను తీసకపోతన్నా."

"మా పరువు తీస్తన్నావ్ వదినా."

"పరువు మీ దగ్గరే ఉంచుకోండి. నాకు పిల్లనిస్తే చాలు."

ఆ మాట నేను అన్నంత మాత్రాన ఏమీ కాదు. సంతకం పెట్టాల్సింది నేను కాదు. మా అమ్మాయి పెన్నుకు మూత పెట్టి, లేచి, పిల్ల గుడ్డలు సంచిలో సర్దింది. కాగితం నేను మడిచి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

వియ్యపురాలు నాతో మాట్లాడటం మానేసింది. నాకేం లోటు లేదు. నేను తొడిమల పని మానేసి చాలా ఏళ్ళయింది. అయినా పిల్లను ముట్టుకునే ముందు వేలు రెప్పకు ఆనించి చూసుకుంటాను. మండదు. అన్నం మాత్రం ఆ చెంచాతోనే పెడతాను. ఎవరికి ఇష్టం లేకపోతే వాళ్ళు అటు తిరిగి కూర్చోవచ్చు.

మా అమ్మాయి బస్సు నరసరావుపేట స్టాండులో పది నిమిషాలు ఆగుతుంది. అప్పటికి నేను పిల్లనూ, ఒక సీసా నీళ్ళనూ తీసుకుని వెళ్తాను. అది దిగీ దిగగానే పిల్లను ఎత్తుకోదు. రెండు చేతులూ చాపుతుంది. చిల్లర మురికి. నేను నీళ్ళు పోస్తాను. కడుక్కుని, వెనక సీట్లోకి వెళ్ళి పాలిస్తుంది.

మొన్న ఒక పెద్దమనిషి కిటికీలోంచి, "ఇంట్లో కూర్చుని పెంచుకోవచ్చుగా, మా టైము తినకపోతే" అన్నాడు.

"దిగి నడిచిపో. బస్సు తేలికవుద్ది" అన్నాను.

దిగలేదు. పాలివ్వడం అయ్యాక మా అమ్మాయి దగ్గరే టికెట్టు తీసుకున్నాడు.