గ్లవ్ బాక్సు వెనకాల

మా ఆయనకి సైన్స్ పార్కులో ఉద్యోగం. కంప్యూటర్లు పెట్టే గదులు వేడెక్కకుండా చల్లగా ఉంచడం ఆయన పని. ఆ పనిలో ఆయన్ని మించినవాళ్ళు లేరని ఆఫీసువాళ్ళు బల్ల మీద పెట్టుకోడానికి ఓ గాజు ముక్క కూడా ఇచ్చారు. అలాంటి మనిషి మూడు నెలలపాటు గాలి రాని కారులో, చొక్కా వీపుకి అంటుకుపోయి, ఆ గదుల్ని చల్లబరచడానికి రోజూ మేముండే పుంగ్గోల్ నుంచి వెళ్ళేవారు. ఈ మాట నేను ఎంతమంది ముందు ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అన్నప్పుడల్లా జనం నవ్వేవారు. వాళ్ళు నవ్వితే ఇంకో మాట కలిపేదాన్ని.

కారు గురించి కాస్త చెప్పాలి. మా అమ్మాయి యూనివర్సిటీ హాస్టలుకి వెళ్ళిన నెలకే, ఇంట్లో ఇక ఇద్దరమే కదా అని, రెండే సీట్లున్న ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నారు. జపాను సరుకు, అప్పటికే ఇద్దరు యజమానుల్ని చూసి వచ్చింది. అందులో కూర్చోవడం ఉండదు, దిగబడటమే. చీర కట్టుకున్న రోజున నన్ను పైకి లాగడానికి ఇంకో మనిషి కావాలి. బియ్యం బస్తా పెడితే నేను పట్టను, నేను ఎక్కితే బస్తా పట్టదు. ఈ ఊళ్ళో కారుకి పదేళ్ళే ఆయుష్షు, ఆపైన కావాలంటే సర్కారుకి కట్టి కాగితం పొడిగించుకోవాలి. బుద్ధున్నవాళ్ళు పదేళ్ళు కాగానే దండం పెట్టి వదిలేస్తారు. మా ఆయన పొడిగించుకున్నారు.

నా వంతు భక్తి నేను చూపిస్తూనే ఉన్నాను. ప్రతి దసరాకీ కార్ పార్కులోనే దానికి బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, దోసిలి నిండా అక్షింతలు, బంతిపూల రేకలు కలిపి ముందు అద్దం మీద చల్లేదాన్ని. అద్దం మీద వద్దు, టైర్ల దగ్గర వెయ్యమని ఆయన ఏటా గొణిగేవారు. దేవుడి దగ్గర కూడా మీ ఇంజనీరింగేనా అని నేను ఏటా నోరు మూయించేదాన్ని.

ముందు టకటకమని చప్పుడు మొదలైంది, డాష్‌బోర్డు లోపల ఎవరో గోళ్ళతో తడుతున్నట్టు. కొన్నాళ్ళకి అది కీచుమనసాగింది. ఓ మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్‌వే మీద మాడు వాసన వచ్చి గాలి ఆగిపోయింది. ఏసీ బాగానే ఉందట, లోపల చల్లదనం తయారవుతూనే ఉందట, దాన్ని బయటికి నెట్టే బ్లోయర్ మోటారు మాత్రం పోయిందట. అంటే వంట అయింది, వడ్డించేవాళ్ళు లేరన్నమాట అన్నాను. అంతే అన్నారు, నా వెటకారం అర్థం కానట్టే.

వర్క్‌షాపులో మెకానిక్ అంకుల్ ఒకాయన ఉన్నాడు. ఆయనకి చూపించి, బాగు చేయించకుండానే కారు వెనక్కి తెచ్చేశారు. డాష్‌బోర్డంతా ఊడదీస్తానంటున్నాడు, అంత అవసరం లేదు, నేనే చేసుకుంటాను అన్నారు. జపాను నుంచి కొత్త మోటారు తెప్పించారు. అది వచ్చి చెప్పుల స్టాండు మీద అట్టపెట్టెలో తపస్సు మొదలుపెట్టింది. నేను ఆ కారులో కాలు పెట్టనని తేల్చి చెప్పాను. శనివారాలు ఇద్దరం కలిసి లిటిల్ ఇండియాకి కూరగాయలకి వెళ్ళే అలవాటు కూడా మానేసి, ట్రాలీ లాక్కుంటూ ఒక్కదాన్నే రైలెక్కాను. స్నేహితుల ఇళ్ళలో భోజనాలకి పిలిస్తే విడివిడిగా చేరేవాళ్ళం. ఆయన చెమటలు తుడుచుకుంటూ లోపలికి రాగానే, అదిగో ఆవిరి స్నానం చేసి వచ్చారు అనేదాన్ని.

ఆయన మారు మాట్లాడేవారు కాదు. అదే నాకు ఇంకా కోపం. ఆఖరికి పాత కార్లు కొనే ఒకతనికి నేనే ఫోన్ చేశాను. కారుకి ఉన్న రోగాలన్నీ చెప్పి, లేనివి కూడా రెండు మూడు కలిపాను. సోమవారం వచ్చి తోలుకుపోతానన్నాడు. ఈ సంగతి చెబితే మా ఆయన ఫోన్ లోంచి తల ఎత్తకుండా సరే అన్నారు. కాసేపాగి, గాలి రాని కారుని ఒకరి చేతిలో పెట్టడం బాగుండదు, ఆదివారం మోటారు మార్చి ఇద్దాం అన్నారు. ఇంకాసేపాగి, "నా చెయ్యి పట్టదు. నువ్వు చెయ్యాలి" అన్నారు.

నాకు లోపల సంతోషంగానే ఉంది. ఒక్కరోజు ఓపిక పడితే పీడ వదిలిపోతుంది. అందుకని ఆదివారం పొద్దున్నే పాత చుడీదార్ వేసుకుని కార్ పార్కుకి దిగాను. ఆ మోటారు పక్క సీటు ముందు, గ్లవ్ బాక్సు వెనకాల, కింద నుంచి బిగించి ఉంటుంది. దాన్ని చూడాలంటే మనిషి తలకిందులు కావాలి. కాళ్ళు సీటు వీపు మీద, తల కాళ్ళు పెట్టుకునే చోట. యాభై దాటిన బ్యాంకు ఉద్యోగినిని ఆ భంగిమలో ఎవరూ ఊహించరు. ట్రాలీతో వెళుతున్న పక్క బ్లాకు చైనీస్ ఆంటీ ఆగి, నేను బతికే ఉన్నానా అని మా ఆయన్ని అడిగింది.

ఆయన టార్చి పట్టుకుని ఫోన్‌లో వీడియో చూస్తూ ఆదేశాలిచ్చారు. వీడియోలో మనిషి చేతికి మరక అంటకుండా చిటికెలో అయిపోయింది. నాకు పొద్దంతా పట్టింది. గ్లవ్ బాక్సు ఊడదీశాను, వైరు లాగాను. మోటారుకి మూడు స్క్రూలు. రెండు కనిపిస్తాయి, మూడోది వేలికి తగలడమే తప్ప కంటికి కనపడదు. ఒక స్క్రూ జారి లోపలెక్కడో పడితే ఆయన మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసిచ్చారు. ఆ చెయ్యి ఎలా పట్టిందని అప్పుడు నాకు తోచలేదు.

మూడోది ఊడగానే మోటారు నా గుండెల మీద పడింది. దాంతోపాటు ముక్కిపోయిన నీళ్ళు కొన్ని, ముద్దకట్టిన పదార్థం కొంత. ఎలక చచ్చిందనుకుని అరవబోయాను. టార్చి వెలుగులో చూస్తే పచ్చగా ఉంది. పసుపు. గింజలు. వాటి మధ్య ఎండి నల్లబడిన పూరేకలు. అద్దం కింద జల్లెడలాంటి పట్టీ ఉంటుంది కదా, బయటి గాలి లోపలికి పోయే దారి. ఆరు దసరాల అక్షింతలు అందులోంచి జారి, వాననీళ్ళు పోయే కన్నాన్ని పూడ్చేశాయి. పోయే దారి లేని నీళ్ళు మోటారులోకి దిగాయి. అది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మొదట్లో వినిపించిన టకటక నా బియ్యపు గింజలదే.

తలకిందులుగా ఉన్నందుకో ఏమో, ముఖంలోకి రక్తమంతా వచ్చేసింది. మూడు నెలలు ఊరంతా ఆడిపోసుకున్నాను. ముసలి కారు అన్నాను, ముసలి బుద్ధి అన్నాను. కారుకేమీ రోగం లేదు. రోగం నా దోసిట్లోంచి వచ్చింది. సిగ్గేసిన మాట నిజం. అంతకంటే ముందు నేను చేసిన పని ఏమిటంటే, ఆ ముద్దని గబగబా టిష్యూలో చుట్టి జేబులో కుక్కేశాను. ఒక్క రోజే కదా. రేపు కారే ఉండదు.

కొత్త మోటారు బిగించాను. ఆయన స్విచ్చి నాలుగు దాకా తిప్పారు. చల్లటి గాలి రివ్వున వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని ముఖం దానికి ఎదురుగా పెట్టుకున్నారు. చివరిసారి సముద్రం ఒడ్డున జెట్టీ దాకా వెళ్ళొద్దామా అని అడిగారు.

మూడు నెలల తరవాత ఆ సీట్లో దిగబడ్డాను. దారంతా జేబులో తడి చుడీదార్ దాటి ఒంటికి తగులుతోంది. జెట్టీ దగ్గర ఆయన కారు ఆపి, ఇంజన్ ఆపకుండా, స్టీరింగు మీద దుమ్ము రుమాలుతో తుడవడం మొదలుపెట్టారు. రేపు ఇచ్చేసే కారుని తుడవడమేమిటి. అది చూడలేకపోయాను.

"మీ మోటారు దానంతటది పోలేదండీ. నేనే పోగొట్టాను" అని టిష్యూ విప్పి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన అటు చూడను కూడా లేదు. తెలుసు అన్నారు. మెకానిక్ అంకుల్ మొదటి వారమే లోపలికి కెమెరా పెట్టి చూపించాడట. పసుపు బియ్యం ఎందుకు వేస్తారని ఆ అంకుల్ అడిగితే, మంచి జరగాలని వేస్తారని చెప్పి ఈయన వచ్చేశారట. మరి నాకెందుకు చెప్పలేదని నిలదీశాను.

"నువ్వే చూడాలని. చూసి ఊరుకుంటే రేపు ఇచ్చేసేవాణ్ణి."

"ఇరవై ఆరేళ్ళ తరవాత నాకు పరీక్ష పెట్టారా?"

"నాకు నువ్వు మూడు నెలలు పెట్టావుగా, పదిమందిలో."

నాకు ఒళ్ళు మండింది. మోచేతి దాకా లోపలికి పోయిన ఆ చెయ్యి అప్పుడు గుర్తొచ్చింది. తిట్టడానికి నోరు తెరిచాను కానీ, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా ఆ బియ్యం దగ్గరికే వచ్చేలా ఉంది. వచ్చేటప్పుడు దారిలో కూరగాయలు కొన్నాం, సంచీ నా ఒళ్ళో పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున్న పాత కార్లతను ఫోన్ చేశాడు. మా ఆయన నంబరు చూసి, ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కారు ఇవ్వడం లేదని చెప్పాను. అతను ఒప్పుకోలేదు. పోయిన వారం నేను చెప్పిన రోగాలన్నీ రాసుకున్నాడట, ఒక్కొక్కటే చదివాడు. గాలి రాదన్నారు, మోటారు పోయిందన్నారు, ముసలిదైపోయిందన్నారు, ఇప్పుడేమైంది ఆంటీ అన్నాడు.

"కారుకేం కాలేదు. నేనే పాడు చేశాను" అన్నాను ఇంగ్లీషులో.

అతను ఫోన్ పెట్టేశాడు. కుర్చీలో ఆయన నవ్వలేదు. లేచి వెళ్ళి, చెప్పుల స్టాండు మీది ఖాళీ అట్టపెట్టె మడిచి చెత్తలో పడేసి, ఆఫీసుకి టైమైంది, నన్ను దింపమంటావా అని అడిగారు.