రెండు దేశాలు కలిస్తే, మా ఇంటి ఓట్లు

మా ముత్తాత కర్ణాటకలోని బాగేపల్లి పక్కన మా ఊరికీ, చుట్టూ ఉన్న పల్లెలకూ పటేలు. మా తాత ఆఖరి పటేలు. ఓట్ల ముందురోజు సాయంత్రం ఊళ్ళోని ప్రతి ఇంటి పెద్దా మా అరుగు దగ్గరికి వచ్చి, వెండి పళ్ళెంలోంచి తాంబూలం తీసుకుని, ఏ గుర్తుకు వేయాలో తాత నోట విని వెళ్ళేవాడు. పటేలుగిరీ పోయినా మా నాన్న ఉన్నంతకాలం కొందరైనా వచ్చేవారు.

నాన్న పోయాక వచ్చిన మొదటి ఎన్నికలవి. మన క్రికెట్ జట్టు పాకిస్తాన్‌లో ఆడి వచ్చిన వేసవి. బాగేపల్లి బస్టాండు ఎదుటి హోటల్లో, రెండు దేశాలూ ఒకటైతే ఏ పార్టీ ఏమవుతుందన్న మాట లేచింది.

“పక్క దేశాన్ని తిట్టి ఓట్లడిగేటోళ్ళు అప్పుడు ఎవుర్ని తిడతారప్పా?” అన్నాడు హోటలాయన.

“ఇంకెవురుండారు? మనల్నే,” అన్నాడు దోసె తింటున్న పట్టుగూళ్ళ వ్యాపారి.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. సరిహద్దు పోతే కొన్ని పార్టీలకు మాటే మిగలదనీ, పెద్ద పార్టీలు అక్కడి చిన్న పార్టీలను బతిమాలుకోవాలనీ, ఎవరైనా చివరికి ఊళ్ళో పెద్దింటి గడప తొక్కాల్సిందేననీ వివరించాను. మైసూరు రాజ్యం దేశంలో కలిశాక పార్టీలన్నీ మా తాత దగ్గరికే వచ్చాయని కూడా అన్నాను.

పక్క బల్ల దగ్గర ఒక అభ్యర్థి మనిషి ఉన్నాడు. “అట్లయితే రేపు సాయంత్రం మా అన్నను మీ అరుగు మీదికి పిల్చుకొస్తానప్పా. ఊరోళ్ళ ముందర ఒక మాట చెప్పండి,” అన్నాడు.

సరేనన్నాను. మా ఇంటి మాట చెల్లుతుందో లేదో తేలేది ఇక ఆ సాయంత్రమే.

పళ్ళెం తోమించి ఆకూ వక్కా పేర్చాను. జరీపంచె కట్టుకుని కూర్చున్నాను. ఎవరికీ కబురు పెట్టలేదు. మా తాత ఏనాడూ పెట్టలేదు.

అభ్యర్థి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆడవాళ్ళు గుంపుగా మా ముందునుంచే పొదుపు సంఘం మీటింగుకు పోతున్నారు. ఒకప్పుడు మా పొలంలో పనిచేసిన ముసలామె ఒక్కతే ఆగింది.

“ఇంట్లో ఏమన్నా శుభకార్యమాప్పా?”

“రేపు ఓట్లు కదమ్మా.”

“మేము సంఘంలో ఎప్పుడో మాట్లాడుకొంటిమి. మీరు ఎవురికి వేస్తాండారప్పా?”

అభ్యర్థి నేలవైపు చూస్తూ చెప్పులు తొడుక్కున్నాడు. ఆమె, నన్ను నొప్పించడం ఇష్టంలేక కాబోలు, రెండు ఆకులు తీసుకుని వెళ్ళింది. రెండు దేశాల ఓట్లు లెక్కగట్టిన నాకు మా వీధి ఓట్లు ఎటు పడతాయో తెలియదు. చీకటి పడేదాకా లేవలేకపోయాను.

ఆ ఏడే పళ్ళెం చింతామణి బజారులో అమ్మేశాను. వెండి తూకానికే తీసుకున్నారు.