లొరేన్ వ్యాన్‌లో నీళ్ళు

జనవరి వచ్చిందంటే లొరేన్‌కి ఒళ్ళు మండుకొచ్చేది. పగలంతా ఇళ్ళ కిటికీ అద్దాలు కడగడం ఒక పని. చీకటి పడేలోగా వ్యాన్‌ని పడుకోబెట్టడం ఇంకో పని. పసిపిల్లని పడుకోబెట్టడమైనా నయం, పిల్ల ఎప్పటికైనా పెద్దదవుతుంది. వ్యాన్‌కి ఆ భాగ్యం లేదు.

ముందు ఈ పని ఆమె మొగుడు క్లైవ్‌ది. నిచ్చెనలెక్కీ ఎక్కీ అతని నడుము పోయింది. అప్పట్నుంచి వీధి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఊళ్ళో వాతావరణం, భార్య పనితనం రెండూ కనిపెట్టుకుని ఉంటున్నాడు. లొరేన్ నిచ్చెన జోలికి పోలేదు. వ్యాన్ వెనక నీళ్ళ ట్యాంకు, దానికో పంపు, చాంతాడంత పైపు, చివర బ్రష్షున్న పొడుగాటి కర్ర పెట్టించుకుంది. నేలమీదే నిలబడి మూడో అంతస్తు అద్దాలు కడిగేస్తుంది. అయితే ఇంగ్లండు ఉత్తరాన ఆ డర్హమ్ కొండల మీద చలి ఎలాంటిదంటే, పంపులో గుక్కెడు నీళ్ళు మిగిలినా తెల్లారేసరికి గడ్డకట్టి దాని కడుపు చీల్చేస్తుంది.

పంపు పగిలితే కొత్తది వచ్చేదాకా పని లేదు. పని లేకపోతే క్రెయిగ్ వస్తాడు. కిటికీలు కడిగేవాళ్ళకి వీధులంటే పొలాల్లాంటివి, ఎవరి వీధులు వాళ్ళవి. కొండకి అవతలి వీధులు క్రెయిగ్‌వి. ఇవతల ఎవరి అద్దాలైనా రెండు వారాలు మురికిగా కనబడ్డాయా, నవ్వు మొహం పెట్టుకుని తలుపు కొడతాడు. ఒకసారి కొట్టాడంటే ఆ ఇల్లు మళ్ళీ తిరిగి రాదు. అందుకే లొరేన్ తన ప్రాణం కంటే పంపు ప్రాణాన్నే ఎక్కువ చూసుకునేది.

ఇదివరకు శీతాకాలం రాత్రుళ్ళు వ్యాన్‌లో ఒక చిన్న హీటరు పెట్టేది. తలుపుకి ఉత్తరాలు వేసే కంతలోంచి కరెంటు తీగ బయటికి లాగి, కాలిబాటకి అడ్డంగా పరిచి, దానిమీద పాత పట్టా కప్పేది. ఈ ఏడు మొదటి చలికే ఆ పట్టాలో పక్కింటి ఎట్టీ చేతికర్ర తట్టుకుంది. ముసలావిడ పడలేదు. పడకపోయినా వీధంతటికీ వినబడింది.

"నన్ను చంపి నీ పంపుని బతికించుకుంటావా పిల్లా?"

"పడలేదు కదా పిన్నీ!"

"పడ్డాక చెప్పమంటావా? అప్పుడు చెప్పడానికి నేనుండాలి కదా."

గని పనివాడి పెళ్ళాంగా బతికి ముసలిదైన మనిషి, ఆమె నోటికి ఎదురు చెప్పేవాళ్ళెవరు? లొరేన్ అక్కడికక్కడే తీగ చుట్టి ఇంట్లో పడేసింది. "ఇంక నీ దారిలో నా తీగ కనబడితే నన్నడుగు" అంది. ఆ పౌరుషానికి ఆమె మోకాళ్ళు ప్రతి సాయంత్రం శిక్ష అనుభవించాయి. పంపు విప్పాలి. ఫిల్టరూ బ్రష్షూ వంటింట్లోకి మోయాలి. పైపు మొత్తం విప్పి నీళ్ళు వంచాలి. ఇదంతా ఇంటి ముందు కాదు, వెనక సందులో మోరీ జాలీ మీద చెయ్యాలి. దానికి వ్యాన్‌ని చుట్టూ తిప్పి, చెత్త డబ్బాల మధ్య నుంచి వెనక్కి నడపాలి.

ఆ సాయంత్రం రేడియోలో గట్టి మంచు పడుతుందన్నారు. అంటే ట్యాంకు కూడా ఖాళీ చెయ్యాలి. లొరేన్ ఇల్లు చేరేసరికి భుజాలు ఆమెవి కావు. వెనక సందు మొదట్లో ఎవరో పాత సోఫా దారికి అడ్డంగా పడేసి పోయారు. దాన్ని చూడగానే ఆమెకి ఏడుపొచ్చింది. వ్యాన్ ఉన్నచోటే ఉంచి, వీధిలోనే ట్యాంకు కుళాయి తిప్పేసింది.

క్లైవ్ కిటికీ అద్దం మీద కొట్టాడు. "వెనక్కి తీసుకెళ్ళవే!"

"నువ్వొచ్చి సోఫా జరుపుతావా మహానుభావా?"

నీళ్ళు కాలిబాట అంచున పారుతూ వెళ్ళాయి. కింద ఇంకో జాలీ ఉందిలే, పోతాయిలే అనుకుంది. ఆ జాలీ ఆకులతో పూడుకుపోయిందని వంగి చూసే ఓపిక ఆమెకి లేదు. పంపుని తువ్వాలులో చుట్టి పొయ్యి పక్కన పెట్టి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కునికింది.

తెల్లవారి తలుపు తీసింది. తన గుమ్మం నుంచి ఎట్టీ గుమ్మం దాకా కాలిబాట మొత్తం గాజు పలకలా మెరుస్తోంది. అప్పుడే పక్కింటి గడియ కదిలింది. ఎట్టీ రోజూ పొద్దున్నే పొయ్యిలో బూడిద బకెట్లో తెచ్చి, కాలు జారకుండా గుమ్మం ముందు చల్లుతుంది. బకెట్టు చప్పుడు వినబడింది.

"పిన్నీ! ఆగు! కాలు బయట పెట్టకు!"

లొరేన్ అరుస్తూ పరుగెత్తింది. పరుగెత్తకూడని చోటు అదొక్కటే, అక్కడే పరుగెత్తింది. కాళ్ళు గాల్లోకి లేచాయి. కుడిచెయ్యి కింద పడి, ఒంటి బరువంతా దాని మీద పడింది.

ఎట్టీ గడపలోనే నిలబడిపోయింది. మంచుని చూసింది, మనిషిని చూసింది. "నాకోసం పరిచినట్టున్నావు, నువ్వు పడుకున్నావేం?" అంది. అంటూనే బకెట్లో బూడిదంతా లొరేన్ చుట్టూ గుమ్మరించి, కర్ర ఊతం చేసుకుని వచ్చి చెయ్యందించింది.

ఆసుపత్రిలో మణికట్టు ఎముక విరిగిందన్నారు, కట్టు కట్టారు. మంచు పోయేదాకా బ్రష్షు కర్ర పట్టకూడదన్నారు. మధ్యాహ్నానికి ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. ఎట్టీ టీ కాచింది. చెంచా నిలబెడితే నిలబడేంత చిక్కటి టీ.

"క్రెయిగ్‌కి తెలియనివ్వకుండా ఉందాం" అన్నాడు క్లైవ్.

"నీ మొహం! అద్దాలు చెప్పవా?" అంది ఎట్టీ. "పిల్లా, వాడు తనంతట తానే వస్తే వీధులు వాడివి. నువ్వే పిలిచి ఇస్తే అప్పిచ్చినట్టు. మా ఆయన కాలు విరిగినప్పుడు గనిలో తన చోటు నోటితో చెప్పి పక్కవాడికి అప్పగించాడు. చెప్పాడు కాబట్టే తిరిగొచ్చింది."

"వాణ్ణి బతిమాలమంటావా? దానికంటే ఈ కట్టు నమిలి మింగుతాను."

"మింగు. మింగాక పిలువు."

లొరేన్ టీ ఒక్క గుక్కలో తాగేసింది. తర్వాత ఎడమచేత్తో ఫోను తీసుకుని, అందరికీ వినబడేలా స్పీకర్లో పెట్టింది.

"క్రెయిగ్, చెయ్యి విరిగింది. మంచు పోయేదాకా నా వీధులు చూసుకో. అప్పుగా. వింటున్నావా?"

అటువైపు నీరసంగా నవ్వు.

"ఏం చూసుకోను లొరేనమ్మా? రాత్రి నా పంపు పగిలింది. వ్యాన్ నిండా మంచుగడ్డలే. కొత్త పంపు ఎప్పుడొస్తుందో తెలీదు."

లొరేన్ కళ్ళు పొయ్యి పక్కన తువ్వాలు మీదికి పోయాయి. నవ్వాలో ఏడవాలో తోచలేదు. నవ్వితే చెయ్యి నొప్పి.

"నా పంపుంది. నా వ్యాన్ తీసుకో. నావీ నీవీ రెండూ కడుక్కో. కానీ వీధులు నావి."

"నీవి కాదని ఎవరన్నారు?"

"నువ్వే. నోటితో అను."

"సరే, వీధులు నీవి."

"క్లైవ్ విన్నాడు, ఎట్టీ పిన్ని కూడా విన్నది."

"ఎట్టీ కూడా ఉందా అక్కడ! ఇంకేం, అయిపోయింది నా పని."

మర్నాడు పొద్దున్నే క్రెయిగ్ వచ్చాడు. పంపు ఎలా బిగించాలో చూపిస్తానని క్లైవ్ చలికోటు తొడుక్కుని, నడుము పట్టుకుని, నెలల తర్వాత గుమ్మం దాటాడు. "అలా కాదురా, ఎడమకి తిప్పు! ఎడమంటే ఏంటో తెలుసా?" అని అరుస్తున్నాడు. లొరేన్ ముందుగదిలో తమ సోఫాలో వాలి వింటోంది. పైన దుప్పటి కప్పి ఉంది. ఎప్పుడు కప్పిందో గానీ, ఎట్టీయే కప్పి ఉంటుంది.

బయట వ్యాన్ స్టార్టయింది. గేరు కీచుమంది. ఆ కీచుకి ఆమె పళ్ళు జివ్వుమన్నాయి. లేచి వెళ్ళి ఆ మనిషిని నాలుగు దులపాలనుకుంది. లేవలేదు. వ్యాన్ చప్పుడు వీధి చివర మలుపు తిరిగేలోగానే ఆమెకి నిద్ర పట్టేసింది.