గోడకి ఏ పక్క

మొన్న దేశ రాజధానిలో, వసంత్ కుంజ్ పక్క అడవిలో నడుస్తుంటే సర్కారు తుమ్మ ముల్లొకటి చెప్పులోంచి అరికాల్లో దిగింది. వెంటనే రింకీ గుర్తొచ్చింది.

2004లో నాకు తొమ్మిదేళ్ళు. ఆ అడవి అంచునే మా గవర్నమెంటు క్వార్టర్స్. వెనక పాతకాలపు కోటగోడ మట్టిదిబ్బలా మిగిలి ఉండేది. "శత్రువులు లోపలికి రాకుండా కట్టారమ్మా" అన్నారు నాన్న. మేమున్న వైపే లోపల అనుకున్నాను.

దిబ్బకి అవతల ఉండే మా క్లాసు రింకీ ఒకరోజు నా పులిహోర డబ్బా చూసి ముక్కు మూసుకుని, "తుమ్ లోగ్ బాహర్ కే హో" అంది. బయటివాళ్ళమట! అందరూ నవ్వారు. నేను తినకుండా మూత పెట్టేశాను.

ఆ సాయంత్రం రింకీ మా పార్కుకి వచ్చే దారిలో, గోడ తెగినచోట ముళ్ళు పరిచి ఎండుటాకులు కప్పాను. ఆమె కాలు పట్టుకుని ఏడుస్తుంటే, దిబ్బ మీద కూర్చుని ఆ పులిహోరంతా తిన్నాను. అంత రుచి మళ్ళీ ఎరగను.

మొన్న ముల్లు పీక్కుని కుంటుతూ వెళితే, దిబ్బ దగ్గర కొత్త బోర్డు కనిపించింది. దాని మీది పటంలో కోట అవతలి వైపుంది. మా క్వార్టర్స్ ఉన్నది గోడకి బయట.

రింకీ అన్నది నిజమేనన్నమాట. మళ్ళీ ఒళ్ళు మండింది. పీకిన ముల్లు ఇంకా నా చేతిలోనే ఉంది. పారెయ్యబుద్ధి కాలేదు.